ఉప్పుడు మిల్లుల్లో మిగిలే ఊక ఎవరి ఖాతాకు?

గోదావరి జిల్లాల్లో బియ్యం, తవుడు మాదిరిగానే ఊకకూ ఖరీదుదార్లు ఉన్నారు. హల్లర్ల రోజుల్లో ఊక, తవుడు కలగలిసి వచ్చేవి. రబ్బరు రోలు షెల్లర్లు వచ్చాక ఊక విడిగా దిగుతున్నది. క్వింటాలు ధాన్యానికి సుమారు 20 కిలోలు. మండపేట, అనపర్తి వైపు ఉప్పుడు మిల్లుల్లో ధాన్యం నానబెట్టటానికి, ఆవిరి పట్టటానికి, ఆరబెట్టటానికి బాయిలరు కింద పోసేది ఇదే.

ఊకే కాలుస్తున్నాము గనుక బొగ్గుపులుసు వాయువు గొడవ తమకు లేదని మిల్లర్లు అనుకోవటం కద్దు. అది సగమే నిజం. ఊక కాలినపుడు వెలువడే వాయువును మరుసటి పైరు పీల్చుకుంటుందని లెక్కల్లో సున్న వేస్తారు. మిగతా సగం అమ్మకం దగ్గర తేలుతుంది.

రోజుకు 15 టన్నుల ఊక కాల్చే మిల్లు ఉన్నదనుకుంటే, డ్రయరు గొట్టాల్లో ఆవిరి చల్లబడి దిగిన వేడినీటిని కాలువలోకి వదలక బాయిలరుకు మళ్ళించి, లోనికి పోయే నీటి వేడిని 30 నుంచి 60 డిగ్రీలకు పెంచితే చాలు, ఇంధనం 5 శాతం తగ్గుతుంది. 6 డిగ్రీలకు 1 శాతం అన్నది బాయిలరు మీద పనిచేసేవారికి కొత్త లెక్క కాదు. రోజుకు 750 కిలోల ఊక మిగులు. బొగ్గు కాల్చే కార్ఖానా దీనిని కొంటే దాదాపు 600 కిలోల బొగ్గు, ఇంచుమించు 900 కిలోల బొగ్గుపులుసు వాయువు తగ్గుతాయి. (ఇప్పటికే ఊక కాల్చే ఇటుక బట్టీ కొంటే ఈ తగ్గుదల లేదు.) ఆవిరి గొట్టాలకు తొడుగు వేయటం, ఊకను వానకు తడవనీయకపోవటం కూడ ఇంతే లాభం. బూడిద నల్లగా దిగుతున్నదంటే ఊక సగం కాలి పోతున్నదన్నమాట.

మిల్లు పద్దులో సున్న కానిది కరెంటు. యూనిట్టుకు 700 గ్రాములకు పైగా వాయువు పడుతుంది. పాలిషర్ల మోటార్లు అవసరానికి మించినవైతే ఇక్కడే పట్టుబడతాయి.

కేంద్రం 2023 జూన్‌లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకంలో తప్పనిసరి లక్ష్యాలు కాగితం, సిమెంటు వంటి భారీ పరిశ్రమలకే గాని బియ్యం మిల్లులకు లేవు. బొగ్గు మాని ఊక కొన్న కార్ఖానాకు ఆ తగ్గుదల తన పద్దులో జమ పడుతుంది. మిల్లరుకు దక్కేది ఊక ధర ఒక్కటే. కాబట్టి పాత ధరకే ఏడాది ఒప్పందాలు కుదిర్చే దళారులు, కొనుగోలుదారు ఇప్పుడు ఏమి కాలుస్తున్నాడో ముందుగా వాకబు చేయటం మంచిది.