సహవిద్యార్థి అభ్యసన పుస్తకమును చదివి అతని అభివృద్ధిని అంచనా వేయుట

1 తిమోతి 4:15లో మన తెలుగు బైబిలు "అభివృద్ధి" అని అనువదించిన మాటకు గ్రీకు మూలములో "ప్రొకొపే" అని ఉన్నది. తిమోతి ఎదుగుదల అందరికీ కనబడాలన్నది పౌలు ఉద్దేశము. కనబడాలంటే చూచేవారు ఉండాలి గదా. వేదాంత కళాశాలలో ఆ చూచేవారు అధ్యాపకులు మాత్రమేనా? పక్కన కూర్చొనే సహవిద్యార్థికి ఇందులో భాగము లేదా?

విద్యార్థి తాను నేర్చుకొన్నది వారం వారం ఒక పుస్తకములో వ్రాసికొనుట, దానిని తోటివాడు చదివి అభిప్రాయము చెప్పుట మన తర్ఫీదులో కొత్త సంగతి కాదు. 1925లో ఆంటన్ బోయిసెన్ అమెరికాలోని వూస్టర్ మానసిక వైద్యశాలలో వేదాంత విద్యార్థులకు తర్ఫీదు ప్రారంభించాడు. రోగులను సజీవ గ్రంథములుగా చదవాలని ఆయన బోధించాడు. రోగితో జరిగిన సంభాషణను మాటకు మాట వ్రాసి తోటివారి ముందు ఉంచే అలవాటు ఆ తర్ఫీదులో తరువాత స్థిరపడినది.

నేను బి.డి. చదివే రోజులలో ఒక స్నేహితుని ఆసుపత్రి దర్శనముల పుస్తకము నా చేతికి వచ్చింది. ఎనిమిది వారములు, ఎందరో రోగులు. అందరి దగ్గర ఒకే ప్రార్థన. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దగ్గర కూడా రోమా 8:28 చదివి లేచి వచ్చానని వ్రాసికొన్నాడు. అది నన్ను గుచ్చింది. అయినా మెస్సులో ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళము గనుక "చాలా బాగున్నది, బ్రదర్" అని వ్రాసి ఇచ్చాను. కొన్నేళ్ళకు అతని సంఘములో ఒక కుటుంబము, సమాధి దగ్గర అదే వాక్యము అదే తీరున విని, ఆరాధనకు రావడం మానివేసింది. "నీవు అప్పుడే చూచావు గదా బ్రదర్, ఎందుకు వ్రాయలేదు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఏమి చూడాలి? మొదటి వారము వ్రాసినదానిని, చివరి వారము వ్రాసినదానిని పక్కపక్కన పెట్టి చదవండి. అతనిని అతనితోనే పోల్చాలి. పాస్టరుగారి ఇంట పుట్టినవాడు మొదటి రోజు నుండే చక్కగా వ్రాస్తాడు. వాళ్ళ ఇంట మొదటి విశ్వాసిగా పల్లె నుండి వచ్చినవాడు తడబడుతూ వ్రాసినా, ఎక్కువ దూరము నడిచి ఉండవచ్చును. దస్తూరి, రిఫరెన్సుల లెక్క మనలను మోసగిస్తాయి. ప్రశ్నలు మారాయా అని చూడండి. యోబు గ్రంథ పాఠము మొదట్లో "యోబు ఓర్పుకు మాదిరి" అని వ్రాసినవాడు, పదవ వారములో "స్నేహితుల మాటలు భక్తిగానే ఉన్నవి గదా, 42:7లో దేవుడు వారి మీద ఎందుకు కోపగించాడు?" అని అడిగితే, అక్కడ ఎదుగుదల ఉన్నది. జవాబు దొరకకపోయినా సరే.

ఇంకొక సంగతి. ఆ "ప్రొకొపే"కు సంబంధించిన క్రియనే పౌలు 2 తిమోతి 3:13లో అంతకంతకు చెడిపోవువారికి వాడాడు. ముందుకు సాగినంత మాత్రాన మంచిదని ఆ పదము చెప్పదు. విమర్శనాత్మక పఠనము నేర్చిన విద్యార్థి వారం వారం తన ఊరి సంఘమును ఎగతాళి చేస్తూ వ్రాస్తే, దానిని గుర్తించి చెప్పవలసినది తోటివాడే. అధ్యాపకునికి అంత దగ్గరగా కనబడదు. అయితే నిజాయితీగల సందేహమును ఎగతాళిగా ఎంచకండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది.

అభిప్రాయము వ్రాయునప్పుడు వారమును, వాక్యమును చూపించండి: "మూడవ వారములో ఇలా వ్రాశావు, తొమ్మిదవ వారములో కూడా అలాగే ఉన్నది, ఎందుకు?" అధ్యాపకునికి ఇచ్చుటకు ముందు అతనికే చూపించండి. సహవిద్యార్థుల చేత మార్కులు వేయించుట నాకు సమ్మతము కాదు. రిజిస్టరులోకి ఎక్కే అంకె అయితే, నావలె స్నేహమునకే మార్కులు వేస్తారు.

పుస్తకములో చదివినది, అందులోని రోగుల పేర్లు, అతని ఒప్పుకోళ్ళు, ప్రార్థన మనవిగా కూడా చాపెలులో చెప్పరాదు. మా తరగతిలో ఒకసారి అలా జరిగింది. ఆ సంవత్సరము మిగిలిన వారములన్నీ అందరి పుస్తకములలో ఒకే విధమైన స్తోత్రములే.