కొండపల్లి అడవిలో ఒక పగలు, కొండ కింద ఒక రాత్రి

విహారయాత్ర అనగానే మన హాస్టళ్ళలో వినిపించేవి నాలుగే పేర్లు. ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు, మంగినపూడి బీచి. అన్నీ మంచి చోట్లే. కాని పొద్దున వ్యాను ఎక్కి, ఫొటోలు దిగి, సాయంత్రానికి తిరిగి వచ్చే యాత్రలు అవి. కాళ్ళతో నడిచి, చెట్ల మధ్య తిరిగి, ఆరుబయట నిద్రపోయే యాత్ర ఒకటి కూడా ఉంటే బాగుంటుందని సీనియర్లుగా మా కోరిక. దానికి ఏమేం కావాలో తమ్ముళ్ళకూ, బాలికల హాస్టల్ చెల్లెళ్ళకూ చెప్పాలనే ఈ వ్యాసం.

కొండలెక్కడం, డేరాలు వేసుకోవడం డబ్బున్న స్కూళ్ళ పిల్లల వ్యవహారం అని మనలో చాలామంది అనుకుంటారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరు? సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న పిల్లలే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. వారి తొలి పాఠాలు హిమాలయాల్లో కాదు, భువనగిరి కోట బండ మీద మొదలయ్యాయి. మనకు భువనగిరి దూరం, కొండపల్లి దగ్గర.

విజయవాడ నుంచి వాయవ్యంగా సుమారు 20 కిలోమీటర్లు వెళితే కొండపల్లి. సిటీ బస్సులు ఉన్నాయి, కాజీపేట వైపు వెళ్ళే రైలు మార్గంలో స్టేషనూ ఉంది. ఊరి వెనుక కొండలు, కొండల మీద రిజర్వు అడవి, పైన 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టించిన కోట. గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, చివరకు 1766లో ఇంగ్లీషువారు దానిని పట్టుకున్నారు. ఇంతమంది ఎందుకు ఆశపడ్డారో పైకి ఎక్కి చూస్తే పాఠ్యపుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. మనలో దివిసీమ నుంచి, కైకలూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. వారికి వరిచేలు, కాలువలు, చేపల చెరువులు తెలుసు. కొండ మీద నుంచి నేల ఎలా ఉంటుందో చాలామంది చూడలేదు.

నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవులు కూడా మన ప్రాంతానివే కదా అని కొందరు అడిగారు. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అది. బావురుపిల్లులు ఉండే అరుదైన అడవి. అయితే అది బురదలో, పాయల్లో పెరిగే అడవి, పడవలో చూడవలసినది. నడక నేర్చుకోవడానికి కొండపల్లే మేలు.

ఇక అసలు సంగతి అనుమతులు. యాత్ర ఆగిపోయేది ఎప్పుడూ ఇక్కడే. వార్డెన్ గారు కాదన్నారని మనం నొచ్చుకుంటాం కాని, ఒక్కరికి కాలు విరిగినా జవాబు చెప్పవలసింది ఆయనే. కాబట్టి నోటిమాటగా అడగవద్దు. ఎవరెవరు వస్తారు, వెంట వచ్చే పెద్దలెవరు, ఏ బస్సు, రాత్రి ఎక్కడ, అన్నీ ఒక కాగితం మీద రాసి నెల ముందే ఇవ్వాలి. దానికి తల్లిదండ్రుల సంతకాలు లేదా వేలిముద్రలు జతచేయాలి. 20 మంది కంటే ఎక్కువ వద్దు. ఇద్దరు పెద్దలు తప్పనిసరి, చెల్లెళ్ళ జట్టు అయితే ఆడ సిబ్బంది ఉండాలి. చెల్లెళ్ళకు అనుమతి రాదని ముందే వదిలేయవద్దు, పూర్ణను గుర్తు చేయండి.

రెండో ఉత్తరం అటవీ రేంజి అధికారికి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళడం, నిప్పు పెట్టడం నేరం. అందువల్ల మా సలహా ఒకటే. పగలు అడవిలో నడుద్దాం, రాత్రి అడవి బయట పడుకుందాం. కొండ కింద బడి ఆవరణ కోసం ప్రధానోపాధ్యాయులను ముందుగా అడిగితే చాలు. బోరింగు నీళ్ళు, మరుగుదొడ్డి, తలుపు ఉన్న గది దొరుకుతాయి. టార్పాలిన్ పట్టా రెండు కర్రల మీద వేసుకుంటే అదే డేరా. సినిమాలో చూపించినట్టు అడవి నడుమ చలిమంట లేకపోతే సరదా ఏముంది అనేవారు ఉంటారు. ఎండుగడ్డి ఉన్న కొండ మీద ఒక్క నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో వారికి ఫారెస్టు గార్డు చెబుతారు.

వెళ్ళవలసిన కాలం నవంబరు చివరి నుంచి జనవరి వరకు. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, బండరాళ్ళు పెనంలా కాలుతాయి. వానల్లో మెట్లు జారుతాయి. డిసెంబరులో సూర్యుడు సాయంత్రం 5.40 ప్రాంతానికే అస్తమిస్తాడు, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది. అందుచేత పొద్దున 7 గంటలకు ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నం 3కు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి.

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. కొండ మీద దొరుకుతాయని నమ్ముకోవద్దు. ఆ రోజు మెస్సులో మన పేరున పడే బియ్యం, పప్పు, గుడ్డు ఎక్కడికీ పోవు. వంట అమ్మను బతిమాలి తెల్లవారుజామునే పులిహోర కలిపించుకోవాలి, మధ్యాహ్నం దాకా పాడవదు. వేరుశెనగ ఉండలు, అటుకులు, బెల్లం, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, టార్చిలైటు, ఈల ఒకటి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు. ట్రంకు పెట్టెలోని దుప్పటే పరుపు.

బూట్లు మాత్రం వేరే చెప్పాలి. మనలో చాలామందికి ఉన్నది ఒక్క జత చెప్పులు. బూట్లు లేవని ఎవరూ నలుగురిలో చెప్పరు, జ్వరమని చెప్పి ఆగిపోతారు. డబ్బులు లేనివారూ అంతే. కనుక పేర్లు రాసే రోజే, ఎవరినీ నిలబెట్టి అడగకుండా, హాస్టల్లో ఉన్న బూట్లన్నీ సైజులవారీగా ఒకచోట పెట్టి అందరూ అందులోంచే తీసుకోవాలి. చందా కూడా ఎవరెంత ఇచ్చారో తెలియకుండా డబ్బాలో వేయాలి. మా దృష్టిలో డేరా కంటే ఈ ఏర్పాటు ముఖ్యం.

నడకలో అందరికంటే నెమ్మదైనవాడు ముందు ఉండాలి. వాడి నడకే జట్టు నడక. చివర ఒక పెద్ద ఉండాలి. పాటలు పెట్టుకుంటే నెమళ్ళ అరుపులు వినిపించవు. పెద్ద తేనెటీగలు పాత గోడలకు, ఎత్తయిన రాళ్ళకు పట్టు పెడతాయి, రాయి విసరడం గాని పొగ పెట్టడం గాని చేయరాదు. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టరాదు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కరిచిన కాలిని కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకొచ్చి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. పామును వెతికి చంపడానికి పోతే కాలం వృథా, ఇంకొకరికి కాటు.

దారిలో అటవీ సిబ్బందిని అడిగి తెల్లపొణికి చెట్టును చూడండి. కొండపల్లి బొమ్మలు చేసేది ఆ కర్రతోనే. తేలికగా, మెత్తగా ఉంటుంది. నరకడం ఎక్కువై చెట్లు తగ్గడంతో బొమ్మలు చేసేవారికే కర్ర కరువైంది. కనుక గుర్తుగా ఒక కొమ్మ కూడా విరవవద్దు.

మర్నాడు పొద్దున బడి ఆవరణ ఊడ్చి, తాళం అప్పగించి, బొమ్మల కాలనీకి నడిచి వెళ్ళవచ్చు. కర్రను ఎండబెట్టి, ముక్కలు చెక్కి, చింతపిక్కల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, రంగులు వేయడం ఇళ్ళ ముందే కనిపిస్తుంది. పని చేసేవారిని అడిగి, వారు కూర్చోమంటేనే కూర్చోవాలి. 11 గంటలకు బస్సు ఎక్కితే మధ్యాహ్నం మెస్సు వేళకు హాస్టల్లో ఉంటాం.