పద్దుల్లో దొరికే ముత్తాతలు

స్కాట్లాండ్‌లో ఒక మామూలు నేతపనివాడి మునిమనవడు కూడా, అదృష్టం కలిసొస్తే, ఏడెనిమిది తరాల వెనక్కి వెళ్లి తన పెద్దల పేర్లు కాగితం మీద చూసుకోగలడు. రాజులకూ జమీందార్లకూ వంశవృక్షాలు రాసిపెట్టేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. కూలివాడి పేరు ఎవరు రాశారు, ఏం పని పడి రాశారు? ఆ చిట్టా విప్పితే తమాషా బయటపడుతుంది. వంశం పేరు నిలబెడదామని రాసినవాళ్లు దాదాపు లేరు. రుసుము వసూలు చేయడానికి కొందరు, తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టడానికి కొందరు, ఇంట్లో గదులు లెక్కపెట్టడానికి మరికొందరు రాశారు. ఆ రాతలే ఇప్పుడు వంశాలకు ఆధారం.

మొదటి పుస్తకం ఎర్రోల్‌ది

స్కాట్లాండ్‌లో మిగిలిన చర్చి రిజిస్టర్లలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎర్రోల్ అనే ఊరిది. 1553లో మొదలవుతుంది. అందులో ఉన్నవి బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనలు. అక్కడి నుంచి 1854 దాకా చర్చి ఆఫ్ స్కాట్లాండ్ రాసిన పుస్తకాలన్నిటినీ కలిపి పాత పారిష్ రిజిస్టర్లు అంటారు. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ల సముదాయం. అలాంటివి 900కు పైగా ఉన్నాయి. అన్నీ ఎర్రోల్‌లా ముందే మేలుకోలేదు. ఉత్తరాన కొండసీమల్లో, దీవుల్లో చాలాచోట్ల పద్దెనిమిదో శతాబ్దం సగం గడిచాకగానీ పుస్తకం తెరవలేదు. పుట్టిన తేదీ కాక బాప్తిస్మం తేదీ మాత్రమే రాసిన చోట్లూ ఎక్కువే. పెళ్లి జరిగిన రోజు బదులు ప్రకటన చదివిన రోజు రాసిన చోట్లూ అంతే. ప్రకటన వధువు ఊళ్లోనూ వరుడి ఊళ్లోనూ చదివేవారు కాబట్టి ఒకే పెళ్లి రెండు పుస్తకాల్లో రెండు తేదీలతో కనబడుతుంది. రెండు పెళ్లిళ్లేమోనని కంగారు పడనక్కర్లేదు.

బాప్తిస్మం పద్దులో సాక్షుల పేర్లుంటే వాటిని దాటేయకండి. చాలాసార్లు వాళ్లు బిడ్డకు బాబాయో మేనమామో అవుతారు.

శవం మీది గుడ్డకు అద్దె

చావుల పుస్తకం తెరిస్తే పేరు, తేదీ, దాని ఎదురుగా కొంత డబ్బు కనిపిస్తాయి. డబ్బు ఎందుకు? శవపేటిక మీద కప్పే నల్లగుడ్డను చర్చి అద్దెకిచ్చేది. ఆ అద్దె పద్దే చాలా ఊళ్లలో మనకు మిగిలిన మరణ రికార్డు. మేలురకం మఖమలు గుడ్డకు ఒక ధర, మామూలుదానికి ఒక ధర, పిల్లల పేటికకు సరిపోయే చిన్నగుడ్డకు ఇంకో ధర. అద్దె ఎంత కట్టారో చూస్తే ఆ ఇంటి స్థితి తెలిసిపోతుంది. అద్దె కట్టనివాళ్ల పేర్లు మాత్రం ఎక్కకుండా పోయేవి.

1783లో లండన్ ప్రభుత్వానికి ఇందులో ఆదాయం కనిపించింది. బాప్తిస్మానికి, పెళ్లికి, భూస్థాపనకు, ఒక్కో పద్దుకు మూడు పెన్నీల పన్ను వేసింది. నిరుపేదలకే మినహాయింపు. దానికి జనం చేసింది ఒక్కటే, రాయించుకోవడం మానేశారు. 1794లో పన్ను ఎత్తేసేదాకా ఆ పదకొండేళ్లూ చాలా రిజిస్టర్లు పలచబడ్డాయి. మీరు వెతికే మనిషి 1785లో పుట్టి ఎక్కడా దొరక్కపోతే, అతను పుట్టలేదని కాదు, వాళ్ల నాన్న మూడు పెన్నీలు మిగుల్చుకున్నాడని అనుకోవచ్చు.

కవిగారి గినీ

చర్చి పాస్టరూ సంఘపెద్దలూ కూర్చుని ఊరి నడవడిక మీద తీర్పు చెప్పే పంచాయితీని కిర్క్ సెషన్ అనేవారు. ఆదివారం పని చేసినవాడు, తాగి తగువాడినవాడు, పెళ్లి కాకుండా గర్భవతి అయిన అమ్మాయి, అందరూ దాని ముందుకు రావలసిందే. బిడ్డకు తండ్రెవరో తేలేదాకా వదిలేవారు కాదు. పురిటినొప్పుల్లో ఉన్న మనిషిని అడిగి పేరు రాబట్టమని మంత్రసానులకు పురమాయించిన సందర్భాలున్నాయి. ఎంత మొరటుతనం! తండ్రి ఎవరో తేలితే బిడ్డ పోషణ అతని మీద పడుతుంది, లేకపోతే చర్చి ధర్మనిధి మీద పడుతుంది. పెద్దల పట్టుదలకు నీతి ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా కారణమే. బాప్తిస్మం పుస్తకంలో తండ్రి గడి ఖాళీగా ఉన్నచోట ఈ పంచాయితీ మినిట్సులో పేరు దొరకడం వంశ పరిశోధకులకు మామూలే.

స్కాట్లాండ్ జాతీయకవి రాబర్ట్ బర్న్స్ కూడా ఈ పుస్తకాలకు ఎక్కినవాడే. 1786లో అతని ప్రియురాలు జీన్ ఆర్మర్ గర్భవతి అయిన విషయం మాక్లిన్ ఊరి పెద్దల దాకా వెళ్లింది. ఆ వేసవిలో బర్న్స్ మూడు ఆదివారాలు సభ ముందు నిలబడి మందలింపు విన్నాడు. తప్పుచేసినవాళ్లకు వేసే పీట ఎక్కించకుండా తన చోటనే నిలబడనిచ్చారు పాస్టర్ విలియం ఆల్డ్. ఆ సెప్టెంబరులో కవలలు పుట్టారు. రెండేళ్లకు, 1788 ఆగస్టులో, ఇద్దరూ మళ్లీ పంచాయితీ ముందుకొచ్చి, చర్చిలో కాకుండా చేసుకున్న తమ పెళ్లిని ఒప్పుకోమని అడిగారు. పెద్దలు మందలించి ఒప్పుకున్నారు. జరిమానా కింద బర్న్స్ పేదల నిధికి ఒక గినీ ఇచ్చాడని మినిట్సు చెబుతుంది. 2021 నుంచి ఇలాంటి సెషన్ పుస్తకాలు లక్షల పేజీలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అన్నిటికీ పేర్ల సూచిక లేదు. పేజీ వెంట పేజీ తిప్పుకోవాల్సిందే. ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకు మించిన నిధి లేదని నా అభిప్రాయం.

అప్పట్లో చర్చి బయటి పెళ్లి అంటే చెల్లని పెళ్లి కాదు. సాక్షుల ముందు మేం భార్యాభర్తలం అని చెప్పుకుంటే అక్కడి చట్టానికి సరిపోయేది. ఇంగ్లండ్ 1754 నుంచి పెళ్లి చట్టం బిగించేసరికి, పెద్దలొప్పుకోని ఇంగ్లిష్ జంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పరుగులు తీశాయి. లేచిపోయిన జంటల తాకిడి తగ్గించడానికి, ఇద్దరిలో ఒకరైనా 21 రోజులు స్కాట్లాండ్‌లో ఉండి తీరాలని 1856లో చట్టం తెచ్చారు. అమ్మాయికి 12, అబ్బాయికి 14 ఏళ్లు నిండితే పెళ్లి చేసుకోవచ్చన్న పాత నియమం 1929 దాకా పోలేదు. గ్రెట్నాలో పెళ్లి చేయించినవాళ్లు ఎవరి పుస్తకం వాళ్లే ఉంచుకున్నారు. కొన్ని మిగిలాయి, కొన్ని పోయాయి.

తాత పేరే మనవడికి

పెద్దకొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు, మూడోవాడికి తండ్రి పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నానమ్మ పేరు, మూడోదానికి తల్లి పేరు. మన ఇళ్లలోలాగే అక్కడా తాతల పేర్లు తిరిగి తిరిగి వచ్చేవి. కాకపోతే అక్కడ వరుస కూడా ఖాయం. పిల్లల పేర్లు పుట్టిన వరుసలో రాసుకుంటే తాతల పేర్లు ఊహించవచ్చు. ఊహించవచ్చు అంతే, ఈ ఆనవాయితీని తప్పినవాళ్లూ బోలెడుమంది. బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టేవారు, కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు జాన్‌లు కనిపిస్తే గుమస్తాను తిట్టుకోకండి.

షెట్లాండ్ దీవుల్లో పంతొమ్మిదో శతాబ్దం లోపలిదాకా స్థిరమైన ఇంటిపేరే లేని కుటుంబాలుండేవి. ఆండ్రూ కొడుకు జేమ్స్ ఆండర్సన్ అయితే, జేమ్స్ కొడుకు విలియం జేమ్సన్ అయిపోతాడు. ఈశాన్య తీరంలో బకీ లాంటి జాలరి ఊళ్లది ఇంకో అవస్థ. ఊరంతటికీ నాలుగైదు ఇంటిపేర్లే కావడంతో మారుపేర్లు పెట్టుకుని, ఆ మారుపేర్లను ప్రభుత్వ కాగితాల్లో కూడా రాయించుకున్నారు.

ఆడవాళ్ల విషయంలో మాత్రం స్కాట్లాండ్ కాగితాలు పొరుగుదేశం కన్నా మెరుగు. పెళ్లయినా పుట్టింటి పేరు చెరిగిపోదు. మరణ నమోదులో రెండు ఇంటిపేర్లూ పక్కపక్కన రాస్తారు. సమాధి రాళ్ల మీద చాలాచోట్ల పుట్టింటి పేరే ఉంటుంది. పెళ్లి నమోదులో ఇద్దరి తల్లుల పేర్లూ 1855 నుంచి ఉన్నాయి. ఇంగ్లండ్‌లో తల్లి పేరుకు ఆ గడి 2021లోగానీ రాలేదు.

బంగారం లాంటి 1855

1843లో చర్చి ఆఫ్ స్కాట్లాండ్ చీలిపోయింది. థామస్ చామర్స్ అనే పాస్టర్ వెంట 450 మందికి పైగా పాస్టర్లు బయటికొచ్చి ఫ్రీ చర్చి పెట్టారు. ఊళ్లలో సగం మంది ఒక పుస్తకంలో, సగం మంది ఇంకో పుస్తకంలో, కొందరు ఏ పుస్తకంలోనూ లేకుండా పోయారు. ఇక లాభం లేదని ప్రభుత్వమే పూనుకుని 1855 జనవరి 1 నుంచి జనన, మరణ, వివాహ నమోదును తప్పనిసరి చేసింది.

మొదటి ఏడాది ఉత్సాహం చూడాలి. 1855లో బిడ్డ పుడితే తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, ఎక్కడ ఎప్పుడు పెళ్లయింది, అంతకుముందు పుట్టిన పిల్లల్లో ఎందరు బతికున్నారు, ఎందరు పోయారు, ఇవన్నీ రాయాలి. మనిషి పోతే పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలందరి పేర్లూ వయసులూ, పాతిపెట్టిన చోటు. 1780లో పుట్టి 1855లో పోయిన ముసలాయన ఒక్క కాగితంలో మూడు తరాలు దొరుకుతాయి. ఇంత రాయలేమని రిజిస్ట్రార్లు చేతులెత్తేశారు. 1856కే సగం గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్లి తేదీ మాత్రం 1861లో మళ్లీ వచ్చింది. మీ కుటుంబంలో ఎవరైనా ఆ ఒక్క సంవత్సరంలో పుట్టినా పోయినా వదలకుండా తెప్పించుకోండి. సొంత తాత కాకపోయినా సరే, తాత తమ్ముడిదైనా చాలు.

కిటికీ ఉందా?

1841 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును అయిదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు. 59 ఏళ్లాయన 55 అయిపోయాడు. ఎవరికి ఎవరు ఏమవుతారో రాయలేదు. పుట్టిన చోటు అడిగితే అదే జిల్లాలోనా కాదా అన్నంతవరకే. 1851లో బంధుత్వం, వయసు, పుట్టిన పారిష్ అన్నీ వచ్చాయి.

1861లో స్కాట్లాండ్‌లో ఒక కొత్త ప్రశ్న చేరింది. ఒకటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ కిటికీలున్న గదులు మీ ఇంట్లో ఎన్ని? ఒక్క కిటికీ కూడా లేని ఇళ్లు వేలల్లో తేలాయి. ఒకే గదిలో తల్లిదండ్రులు, ఆరుగురు పిల్లలు, అద్దెకున్న మరొకాయన, ఈ చిత్రం గ్లాస్గో పేజీల్లో పదేపదే ఎదురవుతుంది. 1911లో పెళ్లయిన ఆడవాళ్లను ఎన్నేళ్ల కాపురం, ఎందరు పుట్టారు, ఎందరు మిగిలారు అని అడిగారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూస్తే మనసు చివుక్కుమంటుంది.

గేలిక్ భాష మాట్లాడతారా అన్న ప్రశ్న 1881 నుంచి ఉంది. అమెరికా అధ్యక్షుడు డోనల్డ్ ట్రంప్ తల్లి మేరీ ఆన్ మెక్లౌడ్ 1912లో పుట్టింది గేలిక్ సీమ అయిన లూయిస్ దీవిలోనే. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ సొంత ఊరు స్టోర్నొవే కూడా ఆ దీవిలోనే ఉంది. కావలి సోదరుల సాయంతో తెలుగు ఊళ్ల కరణాల దగ్గర ఊరి చరిత్రలు సేకరించిన ఆయన 1821లో కలకత్తాలో పోయాడు. రాయలసీమ మర్చిపోని థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి, 1827లో కలరా సోకి పత్తికొండలో కన్నుమూశాడు. ఇలా ఇండియాకొచ్చి పోయినవాళ్ల ఆచూకీ స్కాట్లాండ్ పుస్తకాల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగానికి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డులు చూడాలి.

వీలునామాల్లోనూ ఒక మెలిక ఉంది. 1868 దాకా స్కాట్లాండ్‌లో భూమిని వీలునామాతో రాసివ్వడం కుదిరేది కాదు, అది చట్టం ప్రకారం పెద్దకొడుక్కే. వీలునామాలో రెండో కొడుకు, కూతుళ్ల పేర్లే ఉండి పెద్దవాడి పేరు లేకపోతే, తండ్రికీ అతనికీ పడలేదని తేల్చేయకండి. భూమి ఎలాగూ అతనిదే.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు స్కాట్లాండ్స్‌పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. సూచికలో పేరు వెతకడం ఉచితం, అసలు పేజీ బొమ్మకు డబ్బు కట్టాలి. నూరేళ్లు దాటని జననాలు, డెబ్బై అయిదేళ్లు దాటని పెళ్లిళ్లు, యాభై ఏళ్లు దాటని మరణాలు అందులో చూపించరు. జనాభా లెక్కలకు కూడా గడువు నూరేళ్లే. ప్రస్తుతం 1921 దాకా తెరిచారు. ఆ ఏడు ఏప్రిల్‌లో జరగాల్సిన లెక్కింపు గని కార్మికుల సమ్మె వల్ల జూన్ 19కి జరిగింది. 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. మధ్యనున్న 1931 పుస్తకాలు ఇంగ్లండ్, వేల్స్‌వి 1942లో లండన్ పక్కన హేస్‌లో అగ్నిప్రమాదంలో కాలి బూడిదయ్యాయి. స్కాట్లాండ్‌వి ఎడిన్‌బరాలో భద్రంగా ఉన్నాయి. అవి 2032లో తెరుస్తారు.