చెరిగిపోవు గీత - చెడిపోని గుడ్డ

గ్రామములలో కుట్టుపని చాలకాలము ఇంటి అవసరములకే పరిమితమై యుండెను. నేడది అనేక కుటుంబములకు జీవనోపాధి యైనది. తెలంగాణలో 2024వ సంవత్సరమున ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల ఏకరూప దుస్తులను కుట్టు పనిని మహిళా స్వయంసహాయక సంఘములకు అప్పగించిరి. రవికెలు, పాఠశాల దుస్తులు, దిండు గలీబులు, ఆటోల సీట్లకు తొడుగులు - ఇట్లు పని పలు రూపములలో గ్రామములోనికే వచ్చుచున్నది.

ఈ పనిలో గుడ్డ సాధారణముగా ఇతరులది. కుట్టినవారికి దక్కునది జతకు ఇంతయను కూలి మాత్రమే. తెల్లచొక్కా జేబుపై నీలిగీత యొకటి చెరగక నిలిచినచో కుట్టు ఎంత చక్కగా నున్నను ఆ చొక్కా తిరిగివచ్చును. కూలి పోవును, ఒక్కొక్కసారి గుడ్డవెల కూడ ఇచ్చుకొనవలసి వచ్చును. కొద్ది రూపాయల గుర్తుసాధనము వందల రూపాయల గుడ్డను, ఒక రోజు శ్రమను చెరుపగలదు. కావున గుడ్డపై దేనితో గీయవలెనను విషయము చిన్నదిగా కనిపించినను, కుట్టుకేంద్రముల మంచిచెడ్డలు చూచు పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినదే.

మంచి గుర్తుకు మూడు లక్షణములు

గుడ్డపై గుర్తు స్పష్టముగా కనబడవలెను. కత్తిరించి కుట్టువరకు నిలువవలెను. పని ముగిసిన పిదప జాడ లేకుండ పోవలెను. మొదటి రెండింటిని అందరును చూతురు. మూడవదానిని గుడ్డ చెడిన పిదపనే తలచుకొందురు. అన్ని బట్టలకును పనికివచ్చు సాధనము ఒక్కటియు లేదు. ఒక బట్టపై సులభముగా చెరుగునది మరియొకదానిపై మరకగా మిగులును. ఏది నీటికి పోవునో, ఏది వేడికి పోవునో, ఏది దులిపిన పోవునో తెలిసినచో ఎన్నిక సులభమగును.

ఈ నియమమును మన చేతిపనివారు చిరకాలముగా పాటించుచున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మొదట చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో గుడ్డపై బొమ్మ రూపురేఖలను గీయుదురు. ఆ గీతల ననుసరించి కలముతో నల్లరంగు దిద్దుదురు. బొగ్గుగీత దారి చూపి తొలగిపోవును; కలపు గీత నిలుచును. దర్జీ గీయు గీతయు మొదటి రకమునకు చెందినదే.

సుద్దబిళ్ళ

దర్జీలు విరివిగా వాడునది సుద్దబిళ్ళ. బలపపు రాయి, సుద్ద, మెత్తని మట్టి మున్నగువాని పొడితో దీనిని చేయుదురు. పిల్లలు పలకపై వ్రాయు బలపము కూడ బలపపు రాయినుండి వచ్చునదే. ఈ రాయి రాయలసీమలో దొరకును. ఇట్టి సుద్ద గుడ్డ నూలులో ఇంకదు, పైననే నిలుచును. అందువలన కుంచెతో దులిపినను, ఉతికినను పోవును. ముదురురంగు నూలుబట్టలకు తెల్లసుద్ద ఉత్తమము.

రంగుసుద్దలతో జాగ్రత్త అవసరము. వానిలో కలిపిన రంగు లేతరంగు బట్టలకు అంటుకొనవచ్చును. తెల్లబట్టపై ముదురు ఎరుపు, పసుపు సుద్దలను వాడరాదు. లేతరంగు సుద్దతో, లోపలివైపున మాత్రమే, తేలికగా గీయవలెను.

అంగళ్ళలో సుద్దను పోలిన మైనపు బిళ్ళలు కూడ దొరకును. గోటితో గీకినపుడు పొడి రాలినచో సుద్ద. జిడ్డుగా అంటినచో మైనము. మైనపు గీత ఉన్నిబట్టపై ఇస్త్రీవేడికి కరగి కనబడకుండ పోవును. నూలు, పట్టు, పలుచని కృత్రిమ బట్టలపై అదే వేడికి నూనెమరకగా మారును. దీనిని ఉన్నిబట్టలకే ఉంచుకొనుట మేలు.

బిళ్ళ అంచు పదునుగా నుండవలెను. ఆరు ముక్కలుగా కత్తిరించి కలుపు లంగానొక దానిని తీసికొందము. ఆరు ముక్కలకు పన్నెండు అంచులు. గీత 3 మిల్లీమీటర్ల మందముగా నున్నచో, గీతకు వెలుపల కత్తిరించినపుడును లోపల కత్తిరించినపుడును అంచుకు 3 మిల్లీమీటర్ల భేదము వచ్చును. పన్నెండు అంచులకు కలిపి అది 36 మిల్లీమీటర్లు. నడుము బిగువగుటకో, వదులగుటకో ఇంత చాలును. అందుచేత బిళ్ళను అప్పుడప్పుడు బ్లేడుతో చెక్కుకొనవలెను.

సబ్బుముక్క

వాడి మిగిలిన సబ్బుముక్కను ఎండబెట్టి, అంచును పలుచగా గీకి ముదురు బట్టలపై గీయుట మన ఇండ్లలో పాతవాడుక. ఇది ఖర్చులేనిది, నీటితో పోవునది. కాని రంగుసబ్బు, నూనె లేక మీగడ ఎక్కువగా కలిపిన సబ్బు పనికిరాదు. గట్టిగా ఎండిన తెల్లసబ్బునే వాడి, ఇస్త్రీకి ముందే కడుగవలెను.

నీటికి, గాలికి, వేడికి పోవు కలములు

ఈ కలములు మూడు రకములు. చూపునకు ఒకేరీతిగా నున్నను వీని స్వభావములు వేరు.

మొదటిది నీటికి పోవు కలము. దీని సిరా సాధారణముగా నీలిరంగు. తడిపినచో గీత పోవును. అయితే కడుగకముందు ఇస్త్రీ చేయరాదు. వేడి తగిలిన గీత గుడ్డలో స్థిరపడి పోవును. మొదట సబ్బు లేని చన్నీటితో బాగుగా జాడించి, అటుపిమ్మటనే సబ్బునీటిలో వేయవలెను. నీటిచుక్కకు మచ్చపడు పట్టుబట్టలకు ఈ కలము తగదు.

రెండవది గాలికి పోవు కలము. దీని సిరా సాధారణముగా ఊదారంగు. క్షారముండగా రంగు చూపి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ సోకగా రంగు కోల్పోవు పదార్థములు ఇట్టి సిరాలలో నుండును. గీత కొన్ని గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో మాయమగును. తేమ ఎక్కువగానున్న చోట్ల ఇంకను త్వరగా పోవును. కావున కోస్తా గ్రామములలో వానకాలమున ఉదయము గీచిన గీత సాయంత్రమునకు కనబడకపోవచ్చును. గీచిన వెంటనే కుట్టు చిన్న పనులకే ఇది తగును. రంగు పోయినను పదార్థము గుడ్డలోనే యుండును. క్షారముగల సబ్బు తగిలినపుడు మరల కనబడవచ్చును. కావున గీత కనబడకున్నను మంచినీటితో ఒకసారి జాడించుట మేలు.

మూడవది వేడికి పోవు కలము. దీని సిరా సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి రంగు కోల్పోవును. ఇస్త్రీపెట్టె సోకినంతనే గీత పోవుటచే అనేకులు దీనిని మెచ్చుకొందురు. కాని ఆ సిరా తొలగిపోలేదు. రంగు మాత్రమే దాగినది. సున్నకు దిగువన 10 నుండి 20 డిగ్రీల చలిలో గీత తిరిగి కనబడును. మన మైదానములలో అంత చలి లేకున్నను, దూరదేశములకు పంపు బట్టల విషయమున ఇది గుర్తుంచుకొనదగినది. అంతేకాక ముదురురంగు బట్టలపై గీచినచోట తెల్లని జాడ మిగులుట కలదు. కత్తిరించి పారవేయు అంచులపైన, కుట్టుమడతల లోపలను మాత్రమే దీనిని వాడుట క్షేమము.

వాడరానివి

వ్రాతకు వాడు బాల్‌పాయింటు కలము, కార్యాలయములలోని నల్ల కార్బను కాగితము, మామూలు పెన్సిలు - ఈ మూడును కుట్టుబల్లపై నుండరాదు. బాల్‌పాయింటు సిరా తడికి, వేడికి పాకును. కార్బను కాగితపు మసి ఉతికినను పూర్తిగా పోదు. పెన్సిలు గీత లేతబట్టలపై బూడిదరంగు చారగా నిలుచును. నమూనాను పళ్ళచక్రముతో గుడ్డపైకి ఎక్కించునపుడు బట్టలకై ప్రత్యేకముగా చేసిన కార్బను కాగితమునే, అదియును లోపలివైపున, వాడవలెను.

గీత లేని గుర్తులు

పట్టు, జరీబట్ట, మఖమలు వంటి వానిపై గీయకుండుటే మేలు. పట్టుపై తడి మచ్చపడును. మఖమలు నూగుపై సుద్ద నిలువదు. ఇట్టి వానికి సన్నని సూదితో, వేరురంగు దారముతో కచ్చాకుట్టు వేసి గుర్తు పెట్టి, పిదప దారమును లాగివేయవలెను. అంచుల కలయికను తెలుపుటకు కుట్టుమడతలో 2, 3 మిల్లీమీటర్ల కత్తెరగాటు చాలును. పాఠశాల దుస్తులవలె పెక్కు పొరలను ఒకేసారి కత్తిరించునపుడు పైపొరపై సుద్దగీత, మిగిలిన పొరలకు ఈ గాట్లు సరిపోవును.

సోఫాలు, సీట్ల తొడుగులు

సీట్ల తొడుగుల పనిలో ముక్కలు పెద్దవి, గుడ్డ దళసరిది. పొరపాటు జరిగినచో నష్టమును పెద్దదే. రెక్సిన్ పైవైపున బాల్‌పాయింటుతో గీచినచో సిరా దానిలో ఇంకిపోవును, తుడిచినను పోదు. వెనుకవైపుననున్న గుడ్డపొరపై సుద్దతో గీయవలెను. నూగు గల సోఫాగుడ్డలకు ప్రతి ముక్క వెనుకను నూగు వాలిన దిక్కును బాణపుగుర్తుతో చూపవలెను. ఒక ముక్క తలక్రిందులైనచో ఒకే గుడ్డ రెండు రంగులుగా కనబడును. "ముందు", "వెనుక", "ఎడమ", "కుడి" అని వ్రాసిన కాగితపు అంటుపట్టీలను ముక్కల వెనుక అంటించుకొనుట సులభోపాయము. కాని వానిని ఆనాడే తీసివేయవలెను; ఆలస్యమైన జిగురు గుడ్డకు పట్టును.

పావుగంట పరీక్ష

ఎంత అనుభవము గలవారైనను కొత్త గుడ్డ వచ్చినపుడు ఆ గుడ్డతునకపైననే పరీక్షించి చూడవలెను. కత్తిరింపులో మిగులు జానెడు ముక్క చాలును. దానిపై వాడదలచిన సాధనముతో నాలుగు గీతలు గీచి, గీతకొకటిగా నాలుగు పట్టీలు చేయవలెను. మొదటిదానిని కుంచెతో దులుపవలెను. రెండవదానిని చన్నీటిలో జాడించి ఆరవేయవలెను. మూడవదానిపై ఇస్త్రీ చేసి పిదప ఉతుకవలెను. నాలుగవదానిని మరునాటివరకు ఉంచి ఉతుకవలెను. చేతిపని పావుగంటకు మించదు; ఫలితము మరునాటికి తెలియును. ఆరిన పట్టీలను దీపపు వెలుగులో గాక పగటి వెలుగులో చూడవలెను. ఏ పట్టీపైనను జాడ మిగిలినచో ఆ సాధనము ఆ గుడ్డకు తగదు.

పంచాయతీ సభ్యులు చేయగలిగినది

1992లో చేసి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి తెచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు కలవు. చిన్నతరహా పరిశ్రమలు, ఖాదీ గ్రామీణ కుటీర పరిశ్రమలు, వృత్తివిద్య, స్త్రీశిశు సంక్షేమము వానిలోనివే. కుట్టుకేంద్రము ఈ నాలుగింటికిని సంబంధించినది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో దర్జీ వృత్తి యొకటి. పనిముట్లకై 15,000 రూపాయలవరకు సహాయము చేయుట, దరఖాస్తులను మొదట గ్రామపంచాయతీ స్థాయిలో పరిశీలించుట ఆ పథకపు నిబంధనలలో కలవు.

పనిముట్లనగానే అందరి దృష్టియు కుట్టుమిషనుపై నిలుచును. మిషను వచ్చిన పిదప గుర్తుసాధనములను ఎవరికి తోచినవి వారు తెచ్చుకొందురు; తుదకు బడిపిల్లవాని బాల్‌పాయింటు కలమే చేతికి వచ్చును. దీనిని నివారించుటకు సభ్యులు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది, కేంద్రమునకు కొను సామగ్రి పట్టికలో తెల్లసుద్ద, లేతరంగు సుద్ద, కుంచె, కచ్చాకుట్టు దారము, నీటికి పోవు కలము - ఈ ఐదింటిని పేర్లతో చేర్చునట్లు చూచుట. "గుర్తుసాధనములు" అని మాత్రమే వ్రాసినచో చవకగా దొరకినది వచ్చును.

రెండవది, కొత్త గుడ్డ వచ్చినపుడెల్ల పరీక్షించిన పట్టీలను తేదీతో, సాధనపు పేరుతో ఒక పుస్తకములో అంటించి యుంచుమని సంఘమునకు చెప్పుట. మరుసటి యేడు అదే గుడ్డ వచ్చినపుడు ఆ పుస్తకము దారి చూపును. కొత్తగా చేరినవారికి పాఠమగును.

మూడవది, పని అప్పగించువారితో ముందుగనే మాటలాడి, కత్తిరింపునకు ముందు పరీక్షకై కొంత గుడ్డను, ఒక దినము వ్యవధిని అడిగి తీసికొనుట. సంఘపు స్త్రీ ఒంటరిగా అడిగిన దానికంటె, పంచాయతీ సభ్యుడు ఆమె ప్రక్కన నిలిచి అడిగిన మాటకు విలువ హెచ్చు.

మీ గ్రామములోని కుట్టుకేంద్రమునకు ఈసారి పోయినపుడు మిషన్లు ఎన్నియో లెక్కించి ఊరకుండక, బల్లపై ఏమున్నదో చూడుడు. సుద్దకు బదులు బాల్‌పాయింటు కలము కనబడినచో, ఎవరిని తప్పు పట్టక, ఒక గుడ్డతునక తీసి పరీక్ష చేయించుడు. ఉతికిన పిదప ఆ తునకపై నిలిచిన గీతను చూచినవారికి వేరుగా బోధింపనక్కరలేదు.