స్వదేశీ కలం, చేయి తిరిగిన పనితనం

లాభం లేకుండా ఏ వ్యాపారమూ నిలవదు. కానీ కొన్ని సంస్థలకు లాభంతో పాటు మరో కారణమూ ఉంటుంది. ఫలానా వస్తువు ఈ దేశంలోనే తయారు కావాలని ఒకరు పట్టుబడతారు. ఊరి పంటకు ఊళ్ళోనే ఫ్యాక్టరీ ఉండాలని మరొకరు అనుకుంటారు. ఒక పనితనం తమతో అంతరించిపోకూడదని ఇంకొకరు తాపత్రయపడతారు. ఆ కారణం సంస్థ నిర్ణయాలను నడిపిస్తూ, కొనేవాళ్ళకు కూడా దానివల్లే ఆ పేరు మీద నమ్మకం కుదిరితే, అది ఆశయం ఉన్న బ్రాండ్. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ మాట ఈమధ్యే ఎక్కువగా వినబడుతోంది గానీ, గోదావరి డెల్టాలో ఈ తరహా వ్యాపారం తొంభై ఏళ్ళ కిందటే ఉంది.

ఆశయాన్ని నిర్ణయించేది యజమాని. నిలబెట్టేది పనివాడు. గోడ మీద ఎంత గొప్ప వాక్యం రాసిపెట్టినా, బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఒక్క వస్తువును అశ్రద్ధగా వదిలేస్తే కొన్నవాడి చేతికి చేరేది ఆ అశ్రద్ధే. అందుకే ఉద్యోగికి పక్కనుండి పని నేర్పడం, ఇవాళ కంపెనీలు మెంటరింగ్ అంటున్నది, బ్రాండుకు సంబంధం లేని విషయం కాదు. శిక్షణ తరగతిలో పద్ధతి నేర్చుకోవచ్చు. ఏది పనికొస్తుంది, ఏది పక్కన పడేయాలి అన్న వివేచన మాత్రం అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కొంతకాలం గడిపితేనే వస్తుంది. ఈ రెండూ ఎలా ముడిపడి ఉంటాయో చూడాలంటే రాజమండ్రి రత్నం పెన్నులను మించిన ఉదాహరణ తెలుగునాట దొరకడం కష్టం.

రాజమండ్రికి స్వదేశీ గాలి ముందే సోకింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడ ఉపన్యాసాలిచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని తెలుగులో వినిపించారు. ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం అన్నందుకు శిక్షలకు గురయ్యారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు అప్పుడే కాలేజీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. విదేశీ వస్తువు కొనవద్దన్న మాట ఊరంతా విన్నదే. అయితే కొనవద్దంటే సరిపోదు, దాని స్థానంలో కొనదగినది ఒకటి ఉండాలి. బట్టకు ఖద్దరు దొరికింది. కలానికి ఏమీ లేదు. స్వరాజ్యం గురించి వ్యాసాలు రాసేవాళ్ళ జేబుల్లో కూడా విదేశీ పెన్నులే ఉండేవి.

కోసూరి వెంకటరత్నం స్వర్ణకారుడు. 1921లో వార్ధాలో గాంధీజీని కలిశారనీ, గుండుసూది మొదలు కలం వరకు సామాన్యుడికి అక్కరకొచ్చే వస్తువు ఏదైనా ఇక్కడే తయారు చేయమని ఆయన చెప్పారనీ రత్నం కుటుంబం చెబుతుంది. సన్నని బంగారు పనికి అలవాటుపడిన చేతులు కలాన్ని ఎంచుకున్నాయి. 1932లో రాజమండ్రిలో రత్నం పెన్నుల తయారీ మొదలైంది. తరువాతి ఘట్టం ఈ కథకంతటికీ ప్రాణం. తయారైన కలాన్ని గాంధీజీకి ఇవ్వబోతే, అందులో కొన్ని భాగాలు విదేశాల నుంచి వచ్చినవని తెలిసి ఆయన స్వీకరించలేదట. రత్నం దాన్ని అవమానంగా తీసుకోలేదు. మళ్ళీ బల్ల దగ్గర కూర్చుని, అన్ని భాగాలూ ఇక్కడే చేసిన కలాన్ని సిద్ధం చేశారు. 1934 చివర్లో వార్ధా కేంద్రంగా ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి కార్యదర్శిగా ఉన్న జె.సి.కుమారప్ప ద్వారా ఆ కలం గాంధీజీకి చేరింది. 1935 జూలై 16న గాంధీజీ రత్నానికి ఉత్తరం రాశారు. కలాన్ని వాడి చూశాననీ, బజారులో కనబడే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందనీ దాని సారాంశం.

ఆ ఉత్తరాన్ని ఇవాళ్టి భాషలో ప్రచారం అనవచ్చు. కానీ దాని విలువ అంతకుముందు జరిగిన తిరస్కారంలో ఉంది. మొదటి కలాన్నే గాంధీజీ మొహమాటపడి తీసుకుని ఉంటే, పాళీ ఎక్కడిదన్నది ఎవరూ అడగని మరో దుకాణంగా అది మిగిలేది. ఒక సంస్థ ఆశయం నిజమైనదా అని తేల్చేది సులువైన దారి ఎదురుగా ఉన్న రోజే. కొన్ని భాగాలు దిగుమతి చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, పని త్వరగా అవుతుంది, బయటికి తేడా కనబడదు. ఆ దారి వదులుకున్నందుకు రత్నం చెల్లించిన మూల్యం అదనపు శ్రమ. ప్రతి భాగాన్నీ చేయగల మనుషులు తన గదిలోనే ఉండవలసి వచ్చింది. అక్కడి నుంచే పని నేర్పే బాధ్యత మొదలవుతుంది.

చేత్తో చేసే కలం పని పైకి కనిపించినంత తేలిక కాదు. రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. ఆ కడ్డీలను కావలసిన పొడవుకు కోసి, లేత్ యంత్రం మీద తిప్పుతూ పెన్ను ఒళ్ళు, మూత, వేళ్ళు పట్టుకునే భాగం విడివిడిగా చెక్కుతారు. లోపల సిరా నిలిచేందుకు గుల్ల చేస్తారు. మూత బిగుసుకునేందుకు మరలు తీస్తారు. మర కాస్త వదులైతే సిరా చొక్కా జేబు మీదికి వస్తుంది. మరీ బిగువైతే కొన్నాళ్ళకు అంచు పగులుతుంది. పాళీ కింద ఉండే నాలుక మీది సన్నని గాడి సరిగ్గా కుదరకపోతే కలం ఒకసారి కక్కుతుంది, మరోసారి ఎండిపోతుంది. చివర్లో మెరుగు పెట్టి, పాళీ మొన సరిచేసి, కాగితం మీద రాసి చూస్తారు. ఎడమ చేత్తో రాసేవాడికి, ఒత్తి రాసేవాడికి, సంతకానికే వాడేవాడికి పాళీ ఒకేలా నప్పదు.

ఇందులో కొలతలు రాసి ఇవ్వగలిగినవి కొన్నే. మిగతావి చేతికి తెలియాలి. లేత్ మీద ఉలి ఆనించినప్పుడు వచ్చే చప్పుడును బట్టి, ఊడిపడే తురుము మందాన్ని బట్టి ఇంకెంత తీయాలో పనివాడు పోల్చుకుంటాడు. ఇలాంటి పని నేర్పేటప్పుడు కొత్తవాణ్ణి మొదటే ఖరీదైన సరుకు మీద కూర్చోబెట్టకూడదు. ముందు తెగ్గొట్టిన ముక్కలు, తర్వాత మూతలు, ఆ తర్వాత మరలు. పాళీ సర్దడం అన్నిటికన్నా చివర. ఒక్కో మెట్టులో పాడుచేసే అవకాశం ఇవ్వాలి, పాడైనదాన్ని ముందు పెట్టి ఎందుకు పాడైందో చెప్పాలి. తప్పును దాచుకునే పనివాడు తయారయ్యాడంటే నేర్పేవాడే ఎక్కడో భయపెట్టాడన్నమాట. ఆఫీసులో ఉద్యోగికైనా, ఆసుపత్రిలో కొత్త నర్సుకైనా ఈ క్రమమే వర్తిస్తుంది: చిన్న బాధ్యత, వెంటనే మాట, ఆ తర్వాత పెద్ద బాధ్యత. ఏడాదికోసారి కాగితం మీద ఇచ్చే మార్కులు ఆ వెంటనే చెప్పే మాటకు సాటిరావు.

మరో సంగతి, చాలా సంస్థలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. పని ఎలా చేయాలో చెబుతారు, ఎందుకలా చేయాలో చెప్పరు. విదేశీ పాళీ ఎందుకు వాడటం లేదో తెలియని కుర్రాడికి అది యజమాని చాదస్తంగా తోస్తుంది. తెలిసినవాడు యజమాని ఎదురుగా లేకపోయినా ఆ గీత దాటడు. ఆశయం ఉద్యోగికి సొంతమయ్యేది ఈ ఎందుకు అన్నదానికి నిజమైన జవాబు దొరికినప్పుడే.

బాల్‌పెన్నులు వచ్చి, చవకై, బడిపిల్లల జేబుల్లోకి చేరాక సిరా పెన్నుల బజారు కుంచించుకుపోయింది. దేశంలో ఎన్నో పెన్నుల కర్మాగారాలు మూతపడ్డాయి. రాజమండ్రిలో మాత్రం చేతి పెన్నుల పని ఆగలేదు. రత్నం పేరుతో పాటు గైడర్ వంటి పేర్లూ ఈ ఊరి నుంచే దేశమంతటా తెలిశాయి. పెన్ను మీద పేరు చెక్కించుకోవడం, చేతి వాటాన్ని బట్టి చేయించుకోవడం, పాతదాన్ని బాగుచేయించుకోవడం యంత్రాల మీద లక్షల్లో తయారయ్యే పెన్నుతో కుదిరేవి కావు. పనితనం మిగిలి ఉండటం వల్లే ఆ అవకాశం మిగిలింది.

ఇదే డెల్టాలో పెద్ద పరిశ్రమకూ ఉదాహరణ ఉంది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ ఏర్పడింది. దాన్ని నడిపించిన ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ (1921-2011)ను ఆంధ్రా బిర్లా అనేవారు. చెరకు పండే చోటే చక్కెర అన్న ఆలోచనతో మొదలైన సంస్థ ఆ తర్వాత రసాయనాలు, ఆస్పిరిన్, ఇస్రో రాకెట్లకు కావలసిన ద్రవ ఇంధనం దాకా వెళ్ళింది. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన యువకులు రసాయన కర్మాగారంలో నిలదొక్కుకోవాలంటే ఎవరో ఒకరు నేర్పాలి. తణుకులో ముళ్ళపూడి పేరు మీద పాలిటెక్నిక్, ఆసుపత్రి ఉండటాన్ని దానధర్మాల ఖాతాలోనే చూడకూడదు. పరిశ్రమ ఉన్న ఊళ్ళో చదువూ వైద్యమూ ఉంటే, నేర్చుకున్న మనిషి ఆ ఊళ్ళోనే ఉండిపోతాడు.

అన్ని కథలూ ఇలా సాగలేదు. నరసాపురం లేసు అల్లిక ఇందుకు బాధ కలిగించే సాక్ష్యం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని పశ్చిమ గోదావరి ఇళ్ళల్లో వేలాది మంది స్త్రీల చేతికి వచ్చింది. కొక్కెం ఉన్న సూది, దారపు ఉండ, అంతే పరికరం. తల్లి పక్కన కూర్చుని కూతురు, కోడలి పక్కన ఆడపడుచు నేర్చుకున్నారు. పనితనంలో ఎక్కడా లోటు లేదు. ఆ దుప్పట్లూ టేబుల్ గుడ్డలూ యూరప్, అమెరికా దాకా వెళ్ళాయి. కానీ పని ముక్కలైపోయింది. పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. దారం తెచ్చిచ్చి అల్లిక పట్టుకెళ్ళే దళారీ వేరు, ఎగుమతి చేసే వర్తకుడు వేరు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ స్త్రీల మీద చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. రోజులో అన్నేసి గంటలు అల్లుతున్నా వాళ్ళను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదనీ, ఇంట్లో తీరిక సమయంలో కాలక్షేపానికి చేసే పనిగా చూశారనీ, కూలి అందుకే అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆమె చూపించారు.

ఇక్కడ నేర్పడం ఉంది, నేర్చినవాళ్ళకు ఎదిగే దారి లేదు. అతుకుపని చేసే మనిషికి మొత్తం దుప్పటి ఎలా రూపొందుతుందో, దాని ధర ఎంతో, కొన్నది ఎవరో తెలియదు. డిజైన్ ఆమె చేతుల్లో లేదు. కొన్నవాడికి ఆమె పేరు తెలియదు. మంచి మెంటరింగ్ ఒక ముక్క పని దగ్గర ఆగిపోకూడదు. నేర్చుకునే మనిషికి పని మొత్తం చూపించాలి, రేపు ఆమె మరొకరికి నేర్పే స్థానానికి, ఆపైన సొంతంగా అమ్ముకునే స్థానానికి చేరే దారి తెరవాలి. అలా జరగనప్పుడు పనితనమంతా ఒకచోట, పేరంతా మరొకచోట పోగవుతాయి.

ఆ పేరును పనిచేసేవాళ్ళ దగ్గరికి తెచ్చే సాధనం ఒకటి ఇప్పుడు చట్టంలో ఉంది. 1999లో చేసి, 2003 నుంచి అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం, ఒక ప్రాంతానికే ప్రత్యేకమైన వస్తువు పేరును ఆ ప్రాంతపు ఉత్పత్తిదారుల సంఘం నమోదు చేయించుకోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు వచ్చింది. నమోదైంది ఆ ఊరి తయారీదారుల సంక్షేమ సంఘం పేరు మీద. పూతరేకు పని కూడా మాటలతో నేర్పగలిగేది కాదు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట ఒకే తీరుగా ఉండాలి. బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డను కుండ మీద ఒక్క విసురున పరిచి తీస్తే పొరలాంటి రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, చేయి ఒక్క క్షణం ఆగితే మందమవుతుంది. ఆ విసురు వంటపట్టేదాకా పక్కన పెద్దామె ఉండాల్సిందే. ఆ తర్వాత నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం వేసి చుట్టడం వేరే పని.

నరసాపురం లేసుకు 2024లో ఇదే గుర్తింపు దక్కింది. నమోదు పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. అంతకన్నా ముఖ్యమైన అవకాశం మరొకటుంది. సంఘం పేరు మీద నమోదైన తర్వాత, ఆ వస్తువును నిజంగా తయారుచేసే ప్రతి మనిషీ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకుని ఆ పేరును చట్టబద్ధంగా వాడుకోవచ్చు. ఎగుమతి వర్తకులతో పాటు ఇంటి అరుగు మీద అల్లే స్త్రీ పేరు కూడా ఆ పట్టికలోకి ఎక్కాలంటే, దరఖాస్తు ఎలా నింపాలో, నాణ్యతను ఎలా కొలుస్తారో, ధర ఎలా కట్టాలో ఆమెకు ఎవరైనా పక్కన కూర్చుని నేర్పాలి. సంఘాలు, సహకార బృందాలు, జిల్లా పరిశ్రమల కేంద్రం ముందున్న పని ఇది. అల్లిక తెలిసినవాళ్ళు నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ వేలల్లో ఉన్నారు.