ఏంజెల్ చేప ఎందుకు ఎదగదు?

అద్దాల తొట్టెలలో పెంచు చేపలలో ఏంజెల్ చేపకు ఉన్నంత ఠీవి మరి దేనికిని లేదని మా అభిప్రాయము. దీని శాస్త్రీయ నామము టెరోఫిల్లమ్ స్కేలారె. గ్రీకు భాషలో 'టెరాన్' అనగా రెక్క, 'ఫిల్లాన్' అనగా ఆకు. ఆంగ్లేయులు దేవదూతను చూచిన చోట శాస్త్రజ్ఞులు రెక్కల ఆకును చూచిరి. ఉర్దూ విభాగపు మిత్రులు 'ఫరిష్తా మఛ్లీ' అనుట మాకు వినసొంపుగానే ఉన్నది.

పేరు మాట అటుంచి, ఎదుగుదల మాట చూతము. రూపాయి నాణెమంత పిల్లను కొని తెచ్చి ఆరు మాసములు శ్రద్ధగా మేత వేసినను అది అంతే ఉండిపోయినదని విద్యార్థులు మాతో చెప్పుచుందురు. 'తొట్టె ఎంతో చేప అంతే' అను మాట ప్రచారములో ఉన్నది. అది సగమే నిజము. చేప తొట్టెను కొలుచుకొని తన ఎదుగుదలను ఆపుకొనదు. చిన్న తొట్టెలో మలినము త్వరగా పేరుకొనును. ఆ మలినమే దానిని గిడసబారజేయును. తొలి మాసములలో గిడసబారిన చేప పిదప ఎంత పెద్ద తొట్టెలో వేసినను పూర్తి పరిమాణమునకు వచ్చుట అరుదు.

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జించును. కుళ్లిన మేత నుండియు అదియే పుట్టును. వడపోత పరికరములోను, ఇసుకలోను నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగా, పిదప అంత హానికరము కాని నైట్రేటుగా మార్చును. క్రొత్త తొట్టెలో ఈ జీవులు తగినంత వృద్ధి చెందుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. నిన్న కొన్న తొట్టెలో నేడు పది పిల్లలను వదలువారు ఈ సంగతి గమనింపవలెను. నీటి క్షారగుణము, వేడిమి హెచ్చినకొలది అమ్మోనియాలోని విషభాగము కూడ హెచ్చును. ఈ చేప పుట్టిల్లయిన అమెజాన్ నదీప్రాంతపు నీరు మెత్తనిది, కొంత ఆమ్లగుణము కలది. మన దక్కను బోరుబావుల నీరు పలుచోట్ల కఠినము, క్షారయుతము. అంగడిలో దొరకు చేపలు తరతరములుగా తొట్టెలలో పుట్టినవే గావున ఆ కాఠిన్యమును చాలవరకు ఓర్చుకొనును. నీటిలో ఆమ్లము పోసి సవరింపబూనుట ప్రమాదము. మలినమును తీసివేయుటయే మార్గము.

పెరిగిన చేప పొడవు సుమారు 15 సెంటీమీటర్లు, రెక్కలతో కలిపి ఎత్తు అంతకంటె ఎక్కువ. కావున తొట్టె లోతు 45 సెంటీమీటర్లయినను ఉండవలెను. కళాశాల ముందుగదిలో అలంకారముగా గుండ్రని గాజుగిన్నె ఉంచదలచు కమిటీ పెద్దలు అందులో వేరే చేపలను వేయుట మేలు. ఒక్క జంటకే 100 లీటర్ల నీరు కావలెను.

ఇక మేత. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల నాలుగైదు దినములు తన సొనతోనే బ్రతుకును. ఈదసాగిన పిదప ఆర్టీమియా అను ఉప్పునీటి చిరుజీవి పిల్లలను దినమునకు మూడు నాలుగుసార్లు ఇవ్వవలెను. కడుపు నిండిన పిల్ల పొట్ట నారింజ రంగున కనబడును. ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. పెద్దవానికి దినమునకు రెండుసార్లు చాలును, అదియు రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే. మురుగుకాలువలలోని ఎఱ్ఱపురుగులను మేపినచో త్వరగా బలియునని కొందరందురు. వానితో రోగములు కూడ వచ్చును.

వేడిమి 26 నుండి 28 డిగ్రీలు తగినది. వేడి నీటిలో చేప త్వరగా ఎదుగునన్నది నిజమే గాని, 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములుండు ప్రాణవాయువు 30 డిగ్రీలకు ఏడున్నరకు తగ్గును. మన వేసవిలో గాలి పంపు ఆగరాదు.

వారమునకొకసారి మూడవ వంతు నీటిని అడుగు నుండి గొట్టముతో తీసి, క్లోరిను పోగొట్టిన కుళాయి నీటిని పోయవలెను. పిల్లల తొట్టెలో ఇంకను తరచుగా చేయవలెను. వేసవిలో ఇంకిపోయినంత నీరు పోసి, నీరు మార్చితిమని తలచువారు కలరు. ఆవిరియగునది నీరే, లవణములు, మలినము తొట్టెలోనే మిగులును.