బడి విడిచిన పిమ్మట

సాయంకాలము మూడున్నరకు బడి గంట మ్రోగును. తల్లియు దండ్రియు కార్యాలయముల నుండి వెడలి, క్రిక్కిరిసిన దారులను గడచి, ఇల్లు చేరుసరికి ఏడగును. ఈ నడిమి కాలము ఒకప్పుడు నాయనమ్మ కొంగు చాటునను, వీధి యరుగుల మీదను, పొరుగింటి పెరటిలోను గడచిపోయెడిది. పెద్దలు ఊరిలోనే నిలిచిపోగా, కొడుకును కోడలును ఉద్యోగార్థమై మియాపూరునకో కొండాపూరునకో తరలివచ్చి, తాళము వేసిన అపార్టుమెంటు తలుపు తప్ప పిల్లకు ఎదురువచ్చువారు లేని నేటి హైదరాబాదున, ఆ మూడున్నర గంటలు ఎవరి చేతిలో పెట్టవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

ప్రభుత్వము ఈ దిశగా కొంత నడచినది. 50 మందియు అంతకు మించియు పనిచేయు సంస్థలలో శిశుసంరక్షణ కేంద్ర ముండవలెనని, తల్లి దినమునకు 4 మార్లు బిడ్డను చూచి రానీయవలెనని 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ విధించినది. మరుసటి సంవత్సరము వెలువడిన కేంద్ర మార్గదర్శకములు 3 ఏండ్ల లోపు పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై వయసువారు 20 మందికి ఒకరు చొప్పున సంరక్షకు లుండవలెనన్నవి. అయితే ఈ నియమములు 6 ఏండ్ల వద్ద ఆగిపోవును; 1975లో మొదలైన అంగన్‌వాడీలకును అదియే ఎల్ల. ఒకటవ తరగతి దాటిన పిల్ల విషయమున పరీక్షించువారును నిర్ణయించువారును తల్లిదండ్రులే.

బడి విడిచిన పిల్లలను చూచుకొను కేంద్రములకు పోయి వారిలో పెక్కుమంది మొదట అడుగునది, హోంవర్కు చేయింతురా యని. ఇది నాకు కష్టము కలిగించును. ఉదయము ఎనిమిదింటి నుండి బల్లకు కట్టుబడిన పసిదానికి మరల నొక బల్ల చూపుట న్యాయము కాదు. మొదట ఆకలి తీరవలెను, పిమ్మట ఒడలు అలయునట్లు ఆట కావలెను, నిద్ర వచ్చిన పడుకొనుటకు చాప యుండవలెను. అక్షరములు ఆ తరువాత. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగు పిల్లలెల్ల నెరిగిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలను చేరదీసినది పాటతోను, నాటకముతోను, కథతోను గదా. పబ్లిక్ గార్డెన్సులోని జవాహర్ బాలభవనమున నేటికిని నేర్పునది సంగీతము, నృత్యము, చిత్రలేఖనము.

నా మనుమరాలి కొరకై నేను రెండు చోట్లు చూచితిని. మొదటిది చల్లని గదులతో, గోడ నిండ బొమ్మలతో, మూల మూలకును కెమెరాతో కనుల పండువుగా నుండెను. చెప్పకుండ ఐదింటికి పోతిని. పిల్లలు టీవీ ముందు వరుసగా కూర్చుండిరి. ఒక చిన్నది బూట్లైన విప్పక, వీపున సంచితోనే నిద్రించుచుండెను. దాని పేరేమని ఆయమ్మ నడిగిన, తాను చేరి మూడు వారములే యైనదని, పేర్లింకను పట్టుబడలేదని చెప్పినది. ఆమెను నిందింపను, అట్టి చోట ఆయమ్మలు నిలువకపోవుటకు కారణము జీతపు పుస్తకములో నుండును. కావుననే, ఇక్కడ పనిచేయువారు ఎన్నేండ్ల నుండి యున్నారన్నది ఫీజుకంటె ముందడుగవలసిన మాట.

రెండవది పాత డాబా యిల్లు, ముందు జామచెట్టు. పిల్లలు రాగానే అచ్చటి ఆయమ్మ సంచులలోని టిఫిను డబ్బాలు ఒక్కొక్కటియే మూత తీసి చూచుచుండెను. నే నడుగకయే, "సారూ, ఈ బిడ్డ పొద్దటి డబ్బా ముట్టనే లేదు, అందుకే ఉప్మా జల్ది పెట్టిన" అన్నది.

తక్కిన విచారణ ఒక్క గంట పని. బడి నుండి తెచ్చు ఆటో నడుపువా డెవడు, రోజు కొకడు మారునా? పిల్లను ఎవరికి అప్పగింపవచ్చునో పుస్తకమున వ్రాసి సంతకము తీసుకొందురా? మేనమామనని చెప్పి ఎవడైన వచ్చిన ఇంటికి ఫోను చేయుదురా? మరుగుదొడ్డికి పిల్లతో ఎవరు పోవుదురు? పెద్ద పిల్లలు, పసివారు ఒకే గదిలో నుందురా? పనివారి పూర్వాపరములు పోలీసుల చేత విచారింపించిరా? ఈ ప్రశ్నలకు విసుగుకొను యజమాని గుమ్మము దిగివచ్చుటయే మేలు. పిల్లలపై లైంగిక నేరము జరిగెనని తెలిసినవారెల్లరు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము చెప్పుచున్నది. ఆపదలో 1098కి ఫోను చేయవచ్చునని పిల్లకును నేర్పవలెను.

చేర్చిన నెలదినములు రాత్రి అన్నము వేళ, నేడు ఎవరితో ఆడితివి, ఎవరు కసరిరి అని యడుగుడు. పిల్ల ఆ చోటి పేరెత్తగనే మాట దాటవేసిన, మారాము అని కొట్టివేయక మరునాడే పోయి చూడుడు.

నా మనుమరాలు జామచెట్టు ఇంటికే పోవుచున్నది. ఇంటికి రాగానే అది మొదట చెప్పునది, ఆనాడు ఆయమ్మ ఏమి వండినదో.